కుదరని పొరలు: రెండు వందల ఏళ్ల వెనుచూపు

కంప్యూటరు తెర మీద పటంతో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఏదో ఒకనాడు ఎదురయ్యే దృశ్యం ఇది. ఉపగ్రహ చిత్రంలో చెరువు ఒకచోట ఉంటుంది, దాని గట్టును చూపే గీత పక్క పొలంలో పడుతుంది. రోడ్డు ఇళ్ల మీదుగా పోతుంది. ఒక్కోసారి జాబితాలో పొర (లేయరు) పేరు ఉంటుంది గానీ తెర మీద గీత ఒక్కటీ ఉండదు. ఒక్కోసారి చిత్రమంతా నల్లగా వస్తుంది, ఊళ్ల పేర్లు రావలసిన చోట ప్రశ్నార్థకాలు బారులు తీరుతాయి. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు వీటిని సాఫ్ట్‌వేర్ లోపాలనుకుంటారు. చాలామటుకు కావు. ఒక్కో చిక్కు వెనుక ఒక్కో తరం తీసుకున్న నిర్ణయం ఉంది. భూమి ఆకారం ఇదని ఒకరు, కాగితం మీద దాన్ని ఇలా పరవాలని ఒకరు, పేరుకు ఇన్ని అక్షరాలు చాలునని ఒకరు నిర్ణయించారు. వారి కాలానికి అవి సబబైన నిర్ణయాలే. పటంతో పాటు వాటిని కూడా రాసిపెట్టిన చోట మన పని సాఫీగా సాగుతోంది, రాయని చోటల్లా ఆగిపోతోంది. ఈ తీగ ఎక్కడ మొదలైందో చూడాలంటే రెండు శతాబ్దాలు వెనక్కి, మద్రాసు ఎండలోకి వెళ్లాలి.

1799లో శ్రీరంగపట్నం పతనమయ్యాక దక్షిణాదిలో రెండు పెద్ద సర్వేలు ఇంచుమించు ఒకే కాలంలో నడిచాయి. ఒకటి విలియం లాంబ్టన్‌ది. 1802 ఏప్రిల్ 10న మద్రాసు శివారులో, సెయింట్ థామస్ మౌంట్ దగ్గర, ఏడున్నర మైళ్ల ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలవడం మొదలుపెట్టాడు. ఎండకు ఉక్కు సాగుతుంది కనుక వేడిని కూడా నమోదు చేసి, పొడవును సవరించుకున్నాడు. ఆ రేఖ నుంచి కోణాలు కొలుస్తూ త్రిభుజం పక్కన త్రిభుజం అల్లుకుంటూ పోయాడు. అయితే లెక్కను నమ్మి కూర్చోలేదు. 1811లో గుత్తి దగ్గర, 1815లో బీదరు దగ్గర మళ్లీ నేల మీద గొలుసు పరిచి, లెక్కలో వచ్చిన పొడవూ నేల మీద వచ్చిన పొడవూ సరిపోతున్నాయో లేదో చూసుకున్నాడు. నేటి జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) గదిలో అనుభవజ్ఞుడు చేసే మొదటి పని కూడా ఇదే. లేయరు జరిగిందన్న అనుమానం రాగానే, ఎక్కడ ఉండాలో కచ్చితంగా తెలిసిన ఒక వంతెననో, రైలు క్రాసింగునో, గుడి గోపురాన్నో వెతికి పట్టుకుంటాడు. పరికరాలు మారాయి గానీ పద్ధతి లాంబ్టన్ నాటిదే.

రెండో సర్వే కాలిన్ మెకంజీది. ఆయనకు గీతలు ఒక్కటే చాలలేదు. ఆ ఊరి పేరేమిటి, చెరువు ఎవరు తవ్వించారు, శాసనం ఏముంది అని అడిగించాడు. ఆ అడిగి రాసే పనికి అండగా నిలిచినవారు ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. బొర్రయ్య 1803లోనే చిన్న వయసులో కన్నుమూస్తే లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించాడు. నేటి మాటల్లో చెప్పాలంటే లాంబ్టన్ వదిలి వెళ్లింది జ్యామితిని, మెకంజీ బృందం వదిలి వెళ్లింది అట్రిబ్యూట్ టేబుల్‌ను, అంటే వివరాల పట్టికను. రెండూ ఒకే గడ్డ మీద, ఒకే దశాబ్దంలో, వేరువేరు చేతుల్లో తయారయ్యాయి. ఆ రెంటినీ తప్పులేకుండా జతచేయడం ఇప్పటికీ మన పనిలో సగం.

1818లో హైదరాబాద్‌లో లాంబ్టన్‌కు సహాయకుడిగా చేరిన జార్జ్ ఎవరెస్ట్, 1823లో గురువు పోయాక ఆ బాధ్యతను తలకెత్తుకున్నాడు. ఆయన 1830లో స్థిరపరచిన భూగోళం కొలతలే తరువాత నూట యాభై ఏళ్లకు పైగా భారతదేశపు పటాలకు పునాది. అందులో భూమధ్యరేఖ దగ్గర భూమి వ్యాసార్ధం 6377276 మీటర్లు. ఉపగ్రహాల యుగంలో వచ్చిన డబ్ల్యూజీఎస్ 84 లెక్కలో అదే 6378137 మీటర్లు, అంటే తేడా 861 మీటర్లు. పైగా ఎవరెస్ట్ గోళాన్ని మధ్యభారతంలోని కల్యాణ్‌పూర్ దగ్గర నేలకు బిగించారు, డబ్ల్యూజీఎస్ గోళం భూమి కేంద్రానికి కుదురుకుని ఉంటుంది. ఈ రెండు తేడాలూ కలిసి తెలంగాణ నేల మీద వంద మీటర్లకు మించిన జరుగుబాటుగా బయటపడతాయి. పాత టోపోషీటు మీద జీపీఎస్ బిందువులు వేస్తే ఊరు ఊరంతా పక్కకు ఒరిగినట్లు కనబడేది ఇందుకే. మరో మెలిక కూడా ఉంది. అడుగులను మీటర్లలోకి మార్చిన తీరును బట్టి ఎవరెస్ట్ పేరుతోనే ఇంకొక విలువ, 6377301 మీటర్లు, వాడుకలోకి వచ్చింది. సాఫ్ట్‌వేర్ జాబితాలో ఎవరెస్ట్ పేరు ఒకటికి నాలుగు సార్లు కనిపించినప్పుడు తోచింది నొక్కేయకుండా ఆగి చదవాలని పెద్దలు చెప్పేది ఇలాంటి చోటే.

ఈ లోగా సర్కారు భూముల లెక్క వేరే దారిన నడిచింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రతి సర్వే నంబరుకూ ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం), నిజాం ఇలాకాలో అలాంటిదే టీపన్, ఊరికొక నక్షా (పటం) తయారయ్యాయి. వంద లింకుల గంటర్ గొలుసు పొడవు 66 అడుగులు. ఆ గొలుసుతో కొలిచిన పొలం తన గట్ల వరకు సరిగ్గా ఉంటుంది. అయితే ఆ కాగితం మీద అక్షాంశం, రేఖాంశం ఏవీ ఉండవు. దానికి పక్క పొలమే ప్రపంచం. అలాంటి నక్షాను స్కాన్ చేసి తెర మీద వేస్తే అది ఎక్కడా నిలబడదు. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోట పాతిన రాళ్లను నేల మీద వెతికి, వాటి స్థానాలు తీసుకుని, కాగితాన్ని వాటికి కట్టాలి. జియోరెఫరెన్సింగ్ అంటే ఇదే. ఇందులో ఒక తప్పు తరచుగా జరుగుతుంది. కట్టిన బిందువులన్నీ ఒక మూలనే ఉంటే సగటు దోషం చిన్నదిగా కనిపించి ధైర్యమిస్తుంది, అవతలి మూల మాత్రం ఎటో వంగిపోతుంది. నాలుగు మూలలా బిందువులు పెట్టి, ఒకటి రెంటిని కట్టకుండా పరీక్షకు మిగుల్చుకున్నవారు ఈ ప్రమాదం నుంచి తప్పించుకుంటారు.

పొర మీద పొర పరిచి చూడాలన్న ఆలోచన కంప్యూటరు కంటే ముందుది. అడుగున దీపం వెలిగే గాజుబల్ల మీద ట్రేసింగ్ కాగితాలు పేర్చి నేల, నీరు, వాలు కలిపి చదివే పద్ధతిని ఇయాన్ మెక్‌హార్గ్ 1969లో తన పుస్తకంతో అమెరికా ప్రణాళికాకర్తలకు బాగా పరిచయం చేశాడు. అప్పటికే కెనడాలో రోజర్ టాంలిన్సన్ ఆ బల్లను యంత్రంలోకి దించే పనిలో ఉన్నాడు. దేశమంతటి భూముల జాబితాను చేత్తో లెక్కగట్టడం కుదరదని గ్రహించి 1960లలో కెనడా ప్రభుత్వం కోసం ఆయన నడిపిన వ్యవస్థ నుంచే జీఐఎస్ అన్న పేరు పుట్టింది. 1965లో హోవర్డ్ ఫిషర్ హార్వర్డ్‌లో నెలకొల్పిన ప్రయోగశాల, 1969లో కాలిఫోర్నియాలోని రెడ్‌లాండ్స్‌లో జాక్, లారా డేంజర్‌మండ్ దంపతులు ప్రారంభించిన ఎస్రి సంస్థ, 1982లో అది తెచ్చిన ఆర్క్‌ఇన్ఫో, ఇవన్నీ ఆ బాటలోని మజిలీలు. గాజుబల్ల నాటి ఒక మంచి అలవాటు మాత్రం దారిలో జారిపోయింది. ప్రతి ట్రేసింగు మూలల్లోనూ సరిచూసుకునే గుర్తులు ఉండేవి, అవి కలవకపోతే పని మొదలయ్యేదే కాదు. కంప్యూటరు మాత్రం కుదిరినా కుదరకపోయినా అన్నిటినీ పరిచి చూపిస్తుంది.

నేల పరిశీలనకు ఉద్దేశించిన ఉపగ్రహ చిత్రాల కథకు మొదలు 1972 జులై 23. ఆనాడు ఎగిరిన ఉపగ్రహం తరువాత ల్యాండ్‌శాట్-1 పేరుతో ప్రసిద్ధికెక్కింది. దాని చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద దాదాపు 80 మీటర్లు. రెండేళ్లకు, 1974లో, హైదరాబాద్‌లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఏర్పడింది. 1979 నుంచి షాద్‌నగర్ దగ్గరి కేంద్రం ల్యాండ్‌శాట్ సంకేతాలను నేరుగా అందుకుంది. బులుసు లక్ష్మణ దీక్షితులు వంటి చిత్రశాస్త్రవేత్త ఆ సంస్థకు దీర్ఘకాలం సారథ్యం వహించడం మనకు గర్వకారణం. ఆ రోజుల్లో చిత్రం టేపు మీద వచ్చేది. టేపులో ఉన్నవి వరుసగా అంకెలే. వరుసకు ఎన్ని చుక్కలు, ఎన్ని బ్యాండ్లు (కాంతి పట్టీలు), బ్యాండ్లు ఒకదాని తరువాత ఒకటా లేక వరుసవరుసకూ కలిపి అల్లారా అన్న వివరం తెలియకపోతే ఆ అంకెలకు అర్థమే లేదు. వరుస పొడవు ఒక్క చుక్క తప్పినా నదులు, రోడ్లు, పొలాలు అన్నీ ఒక వాలుగా జారిపోయి తెర నిండా ఏటవాలు చారలు పడేవి. ఆ చారలను చూసి ఎన్ని చుక్కలు తప్పాయో చెప్పగలిగే నేర్పు ఆ తరం సొంతం. 1988 మార్చి 17న బైకనూరు నుంచి ఐఆర్‌ఎస్-1ఏ ఎగిరాక మన కంటితోనే మన నేలను చూసుకున్నాం. 1995 డిసెంబరులో ఐఆర్‌ఎస్-1సీ 5.8 మీటర్ల చూపును, 2005లో కార్టోశాట్-1 రెండున్నర మీటర్ల చూపును ఇచ్చాయి. చూపు పదునెక్కేకొద్దీ తప్పులు కూడా బయటపడ్డాయి. 80 మీటర్ల చుక్కలో దాగిన జరుగుబాటు రెండున్నర మీటర్ల చుక్కలో దాగదు.

నల్ల చిత్రం చిక్కు కూడా ఈ పదును తెచ్చిందే. పాత చిత్రాల్లో వెలుగుకు 256 మెట్లకు మించి ఉండేవి కావు. కార్టోశాట్-1 నాటికి మెట్లు 1024 అయ్యాయి, ఇతర దేశాల చిత్రాల్లో 2048 వచ్చాయి. వాటిని దాచే ఫైలులో 65536 మెట్లకు చోటుంది. సాఫ్ట్‌వేర్ ఆ మొత్తం నిచ్చెనను తెరకు పంచితే మన చిత్రం అడుగు మెట్ల మీదే ఉండిపోయి కటిక చీకటిలా కనిపిస్తుంది. చిత్రం చెడిపోలేదు. ప్రాపర్టీస్‌లో కనిష్ఠ, గరిష్ఠ విలువలను ఆ చిత్రానివే తీసుకోమంటే ఊళ్లు, కాలువలు వెలుగులోకి వస్తాయి. చిత్రం చుట్టూ నల్లచట్రం ఏర్పడి పక్క చిత్రాన్ని మింగేయడం దీనికి దగ్గరి చుట్టమే. అక్కడ సున్నా అంటే చీకటి కాదు, సమాచారం లేదని అర్థం. ఆ సంగతి ఫైలుకు చెబితే చట్రం మాయమవుతుంది. పెద్ద చిత్రం కదలకుండా మొరాయిస్తే దానికి పిరమిడ్లు కట్టాలి, అంటే దూరం నుంచి చూడటానికి చిన్న నకళ్లు ముందే తయారు చేసి పెట్టాలి.

చిత్రం ఎక్కడ కూర్చోవాలో చెప్పడానికి మొదట వాడినది ఆరు వరుసల చిన్న ఫైలు, వరల్డ్ ఫైల్. చుక్క పరిమాణం, ఒరుగుదల, ఎడమ పై మూల చుక్క స్థానం, అంతే. నాలుగో వరుసలోని రుణ గుర్తు పోతే చిత్రం తలకిందులవుతుంది. అన్నిటికంటే పెద్ద లోటు, ఆ ఆరు వరుసల్లో ఏ గోళం, ఏ ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని బల్లపరుపుగా పరిచే పద్ధతి) అన్న మాట లేకపోవడం. 1995లో రూపుదిద్దుకున్న జియోటిఫ్ ఆ మాటను చిత్రం లోపలే రాసింది. నా దృష్టిలో ఈ రంగం తెచ్చుకున్న సంస్కరణల్లో ఇంత నిశ్శబ్దమైనది, ఇంత మేలు చేసినది మరొకటి లేదు.

గీతల లోకంలో అలాంటి మేలు ఆలస్యంగా జరిగింది. 1990ల మొదట్లో ఎస్రి వారి ఆర్క్‌వ్యూ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన షేప్‌ఫైల్ పేరుకు ఒకటే గానీ నిజానికి ఒక కట్ట. గీతలకు ఒక ఫైలు, వాటి సూచికకు ఒకటి, పట్టికకు ఒకటి. మూడింటిలో ఒకటి తగ్గినా బండి కదలదు. ఈమెయిల్‌లో గీతల ఫైలు ఒక్కటే పంపి, తెరుచుకోవడం లేదని ఫోన్లు చేసుకున్న సందర్భాలకు లెక్కలేదు. ప్రొజెక్షన్‌ను చెప్పే పీఆర్‌జే ఫైలు ఆ కట్టలో తప్పనిసరి కాదు. ఎస్రి 1998లో ఈ ఫైలు నిర్మాణాన్ని బహిరంగంగా ప్రచురించడంతో ప్రపంచమంతా దాన్ని స్వీకరించింది, ఆ లోటుతో సహా. పట్టిక కోసం తీసుకున్నది 1980ల నాటి డీబేస్ రూపం. అందులో నిలువు వరుస పేరుకు పది బైట్లే చోటు. ఇంగ్లిషుకు పది అక్షరాలు సర్దుబాటు చేసుకోవచ్చు. యూనికోడ్ తెలుగులో ఒక్కో వర్ణానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు మూడేసి బైట్లు కావాలి. ‘గ్రామం’ అన్న చిన్న మాటకే 18 బైట్లు పడతాయి, కాబట్టి ‘గ్ర’ దగ్గరే తెగిపోతుంది. ఇక పట్టికలోని అక్షరాలు ఏ సంకేతంలో ఉన్నాయో చెప్పే సీపీజీ ఫైలు దారిలో పోతే ఊళ్ల పేర్లన్నీ ప్రశ్నార్థకాలో పిచ్చిగీతలో అవుతాయి. సంకేతం యూటీఎఫ్-8 అని చేత్తో చెబితే చాలాసార్లు పేర్లు తిరిగి వస్తాయి. సేవ్ చేసేటప్పుడే ప్రశ్నార్థకాలుగా మారి ఉంటే మాత్రం ఇక రావు. అందుకే తెలుగు పేర్లతో పనిచేసేవారు జియోప్యాకేజ్ వంటి కొత్త రూపాలకు మారడం మంచిదని గట్టిగా చెబుతాను.

ఆ కాలంలోనే మరో ధార, ఉమ్మడి శ్రమతో నడిచేది, బలపడింది. 1982లో అమెరికా సైన్యపు పరిశోధనశాలలో మొదలైన గ్రాస్ సాఫ్ట్‌వేర్, ప్రొజెక్షన్ లెక్కల కోసం గెరాల్డ్ ఎవెండెన్ రాసిన ప్రోజ్, 1998లో ఫ్రాంక్ వార్మర్‌డామ్ మొదలుపెట్టిన జీడాల్, ఇవి మూడూ పునాది రాళ్లు. ఏ రూపంలోని ఫైలునైనా చదివే ఓపిక జీడాల్‌ది. ఉచిత సాఫ్ట్‌వేర్లే కాదు, వాణిజ్య సాఫ్ట్‌వేర్లు కూడా దాని మీద ఆధారపడ్డాయి. 2002లో అలాస్కాలో గ్యారీ షెర్మన్ తన డేటాను చూసుకోవడానికి రాసుకున్న చిన్న వ్యూయరే క్యూజీఐఎస్ అయింది. 2009 జనవరిలో 1.0 వచ్చేసరికి, లైసెన్సు కొనలేని కళాశాల విద్యార్థి చేతికి కూడా పటం అందింది. ప్రొజెక్షన్లకు అంకెల పేర్లు ఇచ్చిన ఘనత యూరప్ చమురు సంస్థల సర్వేయర్లది. వారి ఈపీఎస్‌జీ జాబితాలో డబ్ల్యూజీఎస్ 84కు 4326, భూమిని రేఖాంశాల వెంట నిలువు మండలాలుగా పంచే యూటీఎం పద్ధతిలో మనకు ఎక్కువగా పనికివచ్చే 44వ మండలానికి 32644. ఆ అంకె తెలిస్తే సగం తగవు తీరుతుంది.

మండలాల విషయంలో తెలుగు నేలకు ఒక ప్రత్యేకత ఉంది. 43వ మండలం తూర్పు రేఖాంశం 78 డిగ్రీల దగ్గర ముగుస్తుంది, 44వది 84 దగ్గర. అనంతపురం, ఆదోని, నారాయణపేట 43లో ఉంటే హైదరాబాద్, విజయవాడ, విశాఖ 44లో ఉన్నాయి. పలాస, ఇచ్ఛాపురం 45లోకి వెళ్లిపోయాయి. అంటే ఆంధ్రప్రదేశ్ మూడు మండలాల మీద పరుచుకున్న రాష్ట్రం. 43లో కొలిచిన ఆదోని లేయరును 44గా చదివితే అది 600 కిలోమీటర్లకు పైగా తూర్పుకు జరిగి బంగాళాఖాతంలో తేలుతుంది. ఇక అక్షాంశ, రేఖాంశాలు తారుమారైతే హైదరాబాద్ ఏకంగా ఉత్తర ధ్రువానికి దాపులోని స్వాల్‌బార్డ్ మంచు దీవుల మీదకు ఎక్కుతుంది. విలువలు ఖాళీగా ఉన్న బిందువులన్నీ ఆఫ్రికా పక్కన సముద్రంలో సున్నా-సున్నా దగ్గర కుప్పగా పడతాయి. లేయరు కనబడనప్పుడు ‘జూమ్ టు లేయర్’ నొక్కి అది ఎక్కడికి పోయిందో చూడమనేది ఇందుకే. అది చేరిన చోటే జరిగిన తప్పేమిటో చెబుతుంది.

తప్పు తెలిశాక చేసే వైద్యంలో కూడా ఒక పొరపాటు తరతరాలుగా సాగుతోంది. లేయరు ప్రొజెక్షన్ ఇదని ప్రకటించడం ఒకటి, లేయరును ఒక ప్రొజెక్షన్ నుంచి మరొకదానికి మార్చడం మరొకటి. మొదటిది పొలిమేరలోని పేరు పలక మార్చడం లాంటిది, దానితో ఊరు కదలదు. రెండోది అంకెలన్నిటినీ తిరగలెక్కించి కొత్త ఫైలు రాస్తుంది. పలక మార్చి ఊరు కదిలిందనుకున్నవారు ఒక తప్పు మీద ఇంకొకటి పేర్చి, చివరకు అసలు ఏమిటో ఎవరికీ తెలియని స్థితికి తెస్తారు. లేయర్లన్నిటినీ తెర మీద అప్పటికప్పుడే కలిపి చూపే సౌకర్యం 2018లో వచ్చిన క్యూజీఐఎస్ 3.0 నుంచి ఎప్పుడూ వెలిగే ఉంటోంది. పని సులువైంది, కానీ తెర మీద కుదిరిన లేయర్లు విస్తీర్ణాల లెక్కకు వచ్చేసరికి ఒకటి డిగ్రీల్లో, ఒకటి మీటర్లలో ఉన్నట్టు బయటపడుతుంటాయి.

2009 ఆగస్టు 12న ఇస్రో వారి పటాల వెబ్‌సైటు భువన్ ప్రారంభమయ్యాక హైదరాబాద్‌లో ఉన్న చిత్రాన్ని ఆదిలాబాద్‌లోని కంప్యూటరులో తెరవగలిగాం. 2005 నాటి జాతీయ పట విధానంతో సర్వే ఆఫ్ ఇండియా డబ్ల్యూజీఎస్ 84 మీద ఓపెన్ సిరీస్ పటాలు తేవడం మొదలుపెట్టింది. అయితే గత పదేళ్లలో మన జిల్లా కార్యాలయాలను ఎక్కువగా ఇబ్బంది పెట్టినది జ్యామితి కాదు, పేర్ల లెక్క. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. 2011 జనగణన పట్టికలు మాత్రం ఉమ్మడి రాష్ట్రం నాటివి. కొత్త సరిహద్దులకు పాత పట్టికను జాయిన్ చేస్తే సగం గళ్లు ఖాళీగా వస్తాయి. ఒకచోట ‘05’ అని అక్షరంగా ఉన్న జిల్లా కోడు ఎక్సెల్‌లో తెరిచి మూసేసరికి 5 అన్న అంకె అవుతుంది, రెండూ కలవవు. పేరుతో కలుపుదామంటే కొత్తపల్లులు, రామాపురాలు ఎన్నో ఉన్నాయి, పైగా ఇంగ్లిషులో ఒక్కో ఉద్యోగి ఒక్కో స్పెల్లింగు రాశాడు. కావలి లక్ష్మయ్యకు ఈ తలనొప్పి కొత్తగా తోచేది కాదనుకుంటాను.

2020 చివర ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు ఎగిరాయి, నిరంతరం సంకేతాలు అందించే కోర్స్ స్టేషన్ల సాయంతో హద్దులు సెంటీమీటర్ల లెక్కకు వచ్చాయి. ఆ సూక్ష్మతలో నేల కూడా నిలకడగా లేదని తెలిసింది. భారత ఫలకం ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి కదులుతోంది, ఇరవై ఏళ్లలో అది మీటరు. కాబట్టి బిందువుకు అంకెలతో పాటు తేదీ కూడా కావాలి. 2019లో వచ్చిన ప్రోజ్ 6 నుంచి సాఫ్ట్‌వేర్లు ఈ సంగతిని లెక్కలోకి తీసుకుంటున్నాయి, మార్పిడి స్థూలంగానే జరిగితే ఆ మాట చెబుతున్నాయి.

ప్రొజెక్షన్ తెలియని లేయరు వస్తే నేటి క్యూజీఐఎస్ దాని పక్కన చిన్న ప్రశ్నార్థకం వేస్తుంది. దాని మీద నొక్కితే వేల ప్రమాణాల జాబితా తెరుచుకుంటుంది. ఏది ఎంచాలో చెప్పే వివరం పటం అంచునే ఉంటుంది, కానీ స్కాన్ చేసినవారు శుభ్రంగా ఉంటుందని నాలుగు వైపులా అంచులు కత్తిరించేసి ఉంటారు. అప్పుడు లేచి బీరువా దగ్గరికి వెళ్లి, బట్ట అంటించిన పాత షీటును బల్ల మీద పరిచి, కింది అంచున చిన్న అక్షరాల్లో ఉన్న సర్వే సంవత్సరాన్నీ, స్కేలునూ, గ్రిడ్డు వివరాన్నీ భూతద్దంతో చదవాలి.